నల్ల కారు మీద స్విర్ల్ మార్కులు: చేత్తో రుద్దితే ఎంతవరకు పోతాయి?

ప్రశ్న: నాది నల్ల రంగు కారు, కొని మూడేళ్లయింది. నీడలో చూస్తే బాగానే ఉంటుంది, ఎండలోకి తెస్తే మాత్రం బానెట్ నిండా, డోర్ల మీద సాలెగూడు అల్లినట్టు సన్నటి గుండ్రటి గీతలు కనిపిస్తున్నాయి. వారం వారం నేనే కడుక్కుంటాను, ఎక్కడా గీసుకుపోయింది లేదు. పాలిషింగ్ మెషీన్ కొనే ఉద్దేశం లేదు, బండిని ఇంకొకరి చేతికి ఇవ్వడానికి మనసొప్పడం లేదు. చేత్తో పాలిష్ చేస్తే ఇవి పోతాయా? ఒక స్నేహితుడు టూత్‌పేస్ట్ చాలంటున్నాడు, ఇంకొకాయన 2000 నంబర్ వాటర్ పేపర్ వేసి రుద్దమంటున్నాడు. ఎవరి మాట వినాలి?

సమాధానం: ఇద్దరి మాటా వినకండి. ముఖ్యంగా ఆ వాటర్ పేపర్ ఆయన మాట.

చేత్తో పోతాయా అంటే, బాగా సన్నవి పోతాయి, కొంచెం లోతున్నవి తగ్గుతాయి, ఇంకా లోతున్నవి మీరు ఎంత రుద్దినా కదలవు. ఎన్ని పోతాయన్నది మీ ఓపిక కంటే మీ కారు పెయింట్ ఎంత గట్టిది అనేదాని మీదే ఎక్కువ ఆధారపడి ఉంటుంది. కొన్ని కంపెనీల క్లియర్ కోట్, అంటే రంగు మీద ఉండే పారదర్శక పొర, మెత్తగా ఉండి చేతికి త్వరగా లొంగుతుంది, కొన్నిటిది ఎంత గట్టిగా ఉంటుందంటే మెషీన్ పెట్టినా రెండు మూడు సార్లు తిప్పాల్సిందే. మీది ఏ రకమో బండి పేరు చూసి చెప్పేయడం కుదరదు, ఒక మూల రుద్ది చూస్తేనే తెలుస్తుంది. ఆ సంగతి కింద వివరంగా చెప్తాను, ఎందుకంటే ఈ పని మొత్తంలో ముఖ్యమైనది అదే.

ముందు ఆ గుండ్రటి ఆకారం గురించి ఒక మాట. ఆ గీతలు నిజానికి గుండ్రంగా ఉండవు. బానెట్ మీద అన్ని దిక్కులకీ పోయే వేల సన్నటి గీతలు ఉంటాయి, వాటిలో వెలుగుకు అడ్డంగా ఉన్నవి మాత్రమే మెరిసి కంటికి కనిపిస్తాయి, అందుకే సూర్యుడి ప్రతిబింబం చుట్టూ వలయాలు గీసినట్టు ఉంటుంది. నమ్మకం లేకపోతే రాత్రి పూట ఫోన్ టార్చ్ వేసి బానెట్ మీద మెల్లగా అటూ ఇటూ జరపండి, వలయాలు కూడా టార్చ్‌తో పాటే నడుస్తాయి. ఇది ఊరికే చెప్పడం లేదు. పాలిష్ చేశాక పని అయిందా లేదా చూసుకోవడానికి మీకు కావాల్సింది ఈ టార్చే. ట్యూబ్‌లైట్ కింద, మబ్బు పట్టిన రోజున చూసి "భలే పోయాయి" అనుకుని, మర్నాడు ఎండలో చూసి నీరసపడిపోయేవాళ్లు చాలామంది. చెదిరిన వెలుగులో ఈ గీతలు కనిపించవు, అంతే.

నల్ల రంగు మీద ఇంకా ఎక్కువ కనిపిస్తాయి కానీ తెల్ల కారుకీ, సిల్వర్ కారుకీ కూడా ఇవన్నీ ఉంటాయి. వాళ్లకి కనిపించవు కాబట్టి వాళ్లు హాయిగా ఉన్నారు.

ఇక మీ ఉత్తరంలో రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి చూడండి: వారం వారం నేనే కడుక్కుంటాను, ఎక్కడా గీసుకుపోయింది లేదు. గీసింది ఎవరో కాదండీ, ఆ వారం వారం కడగడమే. మీ తప్పని కాదు, చాలామంది కార్లకి గీతలు పడేది ఇలాగే. దుమ్ములో ఉండే ఇసుక రేణువులు గుడ్డకీ పెయింట్‌కీ మధ్య ఇరుక్కుంటాయి, గుడ్డ ఎటు పోతే అటు గీసుకుంటూ పోతాయి. పొద్దున్నే బండి తీసేముందు పొడి గుడ్డతోనో డస్టర్‌తోనో ఒక్కసారి దులిపేయడం అన్నిటికంటే ప్రమాదం. ఒకటే బకెట్, ఒకటే స్పాంజి, చక్రాలు తుడిచిన గుడ్డతోనే డోర్లు తుడవడం, కింద పడ్డ గుడ్డని దులిపి మళ్లీ వాడడం, దుమ్ము పట్టిన బండి మీద కవర్ కప్పితే గాలికి ఆ కవర్ అటూ ఇటూ రాచుకోవడం, బ్రష్షులు తిరిగే ఆటోమేటిక్ వాష్... వీటిలో మీవి ఏవో మీకే తెలుసు. ఇది మార్చుకోకుండా పాలిష్ చేస్తే రెండు నెలల్లో మళ్లీ ఇక్కడికే వస్తారు, పైగా ఈసారి పెయింట్ పైపొర కొంచెం పలచబడి ఉంటుంది.

పలచబడడం అంటే ఏమిటో కూడా చెప్పాలి. ఇప్పటి కార్లకి రంగు మీద ఒక పారదర్శక పొర ఉంటుంది, దాన్నే క్లియర్ కోట్ అంటారు. ఫ్యాక్టరీ పెయింట్ మొత్తం మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటే, అందులో ఈ క్లియర్ కోట్ వాటా ఇంచుమించు 35 నుంచి 50 మైక్రాన్లు. మన వెంట్రుక మందం కంటే తక్కువ అన్నమాట. స్విర్ల్ మార్కులన్నీ ఈ పొరలోనే ఉంటాయి. పాలిష్ చేయడమంటే గీతని పూడ్చడం కాదు, గీత అడుగు మట్టం దాకా చుట్టూ ఉన్న పొరని అరగదీయడం. ఎండ నుంచి రంగుని కాపాడే పదార్థాలు ఉండేది కూడా ఈ పొరలోనే. అరిగింది తిరిగి రాదు, బాగా అరిగిపోతే కొన్నాళ్లకి తెల్లగా పొట్టు లేవడం మొదలవుతుంది, అప్పుడిక మళ్లీ పెయింట్ వేయించడమే దారి. చేత్తో తేలికపాటి పాలిష్ చేస్తే పోయేది చాలా తక్కువ, దానికి టెన్షన్ పడక్కర్లేదు. కానీ ఒక మొండి గీతని పట్టుకుని అది పోయేదాకా వదలను అని గంటసేపు అక్కడే రుద్దే మనస్తత్వం మీకుంటే ముందే హెచ్చరిస్తున్నాను, అలాంటి గీతని వదిలేయాలి. గోరుని గీతకి అడ్డంగా మెల్లగా జరపండి, గోరు తట్టుకుంటే అది పాలిష్‌తో పోయే గీత కాదు. నీళ్లు చల్లినప్పుడు మాయమై, ఆరాక మళ్లీ కనిపిస్తే పైపొరలో ఉన్నట్టే, కొంత ఆశ పెట్టుకోవచ్చు.

టూత్‌పేస్ట్‌లో రాపిడి పదార్థం ఉన్న మాట నిజమే, కానీ అది పంటి కోసం తయారైంది. దాని పలుకు ఎంత ఉంటుందో, ఒక్కో పేస్ట్‌కి ఎలా మారుతుందో మనకి లెక్క ఉండదు. కొన్ని గీతలు తగ్గినట్టు కనిపించి ఆ చోటంతా మసకబారుతుంది. వాటర్ పేపర్ సంగతి వేరే, అది పెయింటర్లు వాడే అసలైన పద్ధతే, కాకపోతే పేపర్ వేశాక పడే గీతల్ని తీయడానికి వాళ్ల దగ్గర మెషీన్ ఉంటుంది. మీరు 2000 పేపర్‌తో రుద్ది, ఆ మసకని చేత్తో పోగొట్టాలని కూర్చుంటే చేతులు పడిపోతాయి గానీ మెరుపు తిరిగి రాదు. ఇంకో సలహా కూడా త్వరలో ఎవరో ఒకరు ఇస్తారు కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నా: గోడకి బెజ్జాలు పెట్టే డ్రిల్లుకి ప్యాడ్ తగిలించి రుద్దకండి. అది ఒకే చోట వేగంగా తిరిగి వేడి పుట్టిస్తుంది, అంచుల దగ్గర క్షణాల్లో పెయింట్ కాలిపోతుంది.

మీ కారుది మ్యాట్ పెయింట్ అయితే ఇక్కడితో చదవడం ఆపేయండి, దాన్ని పాలిష్ చేస్తే అక్కడక్కడ మెరిసి పాడైపోతుంది. పైన ఫిల్మ్ అతికించి ఉన్నా ఇదంతా వర్తించదు. సిరామిక్ కోటింగ్ వేయించి ఉంటే పాలిష్‌తో అది కూడా అరిగిపోతుంది, తర్వాత మళ్లీ వేయించుకోవాల్సి వస్తుంది. ఇవేవీ కావనుకుని ముందుకి పోతున్నాను.

కడగడంతో మొదలు. ముందు నీళ్లు ధారగా కొట్టి వదులు దుమ్మంతా పోగొట్టాలి, గుడ్డ ముట్టుకోకముందే. తర్వాత కార్ షాంపూతో, రెండు బకెట్లు పెట్టుకుని, ఒకదానిలో షాంపూ నీళ్లు, ఇంకోదానిలో వట్టి నీళ్లు, ప్రతి డోరుకీ ఒకసారి కడిగే గ్లవ్‌ని వట్టి నీళ్లలో జాడించి అప్పుడే షాంపూలో ముంచుతూ, పైనుంచి కిందికి. తుడిచాక ఒక పలచటి ప్లాస్టిక్ కవర్ చేతికి తొడుక్కుని బానెట్‌ని మెల్లగా నిమరండి. చేతికి తెలియని గరుకు కూడా కవర్‌తో ఇట్టే తెలిసిపోతుంది. గరగరలాడితే పెయింట్‌కి అతుక్కున్న తారు, ఇనుప ధూళి లాంటివి ఇంకా ఉన్నట్టు, వాటిని క్లే బార్‌తో, అంటే పెయింట్ మీద జార్చి మురికి లాగే మెత్తటి బంకమట్టి లాంటి ముద్దతో తీయాలి, అది కూడా దాని ద్రవం ధారాళంగా చల్లి జారుతూ ఉండేలా, బలం పెట్టకుండా. క్లే కింద పడిందా, ఇక దాన్ని పారేయడమే, కడిగి వాడదామనుకోకండి. నున్నగానే ఉంటే క్లే అవసరం లేదు, ఎందుకంటే క్లే కూడా సన్నటి గీతలు పెడుతుంది.

ఇప్పుడు సరుకు. చేత్తో చేసేవాళ్లు సీసా మీద చేత్తో వాడొచ్చని రాసి ఉన్న పాలిష్ చూసి కొనాలి. కారణం ఉంది. కొన్ని పాలిష్‌లలో రాపిడి రేణువులు రుద్దే కొద్దీ నలిగి సన్నబడేలా తయారు చేస్తారు, మెషీన్ నిమిషానికి వేల సార్లు కదులుతుంది కాబట్టి దాని కింద అవి చక్కగా నలుగుతాయి, మన చేతి వేగానికి అంతగా నలగవు, మసక మిగిలిపోతుంది. రేణువులు మొదటి నుంచే సన్నగా, ఒకే పరిమాణంలో ఉండే రకం చేతికి అనుకూలం. ఉదాహరణకి మెగ్వయర్స్ అల్టిమేట్ కాంపౌండ్ చేత్తోనైనా మెషీన్‌తోనైనా వాడుకునేలా చేసినదే, దాని తర్వాత వేసుకోవడానికి వాళ్లదే అల్టిమేట్ పాలిష్ ఉంది. అవే కొనాలని కాదు, ఆ జంట ఉండాలి: ఒకటి కోసేది, అదే కాంపౌండ్, ఒకటి మెరుపు తెచ్చేది, అదే పాలిష్. రుద్దడానికి అరచేతిలో పట్టే ఫోమ్ ప్యాడ్‌లు మూడు నాలుగు, తుడవడానికి మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు ఎన్ని ఉంటే అన్ని, మాస్కింగ్ టేప్ ఒకటి. గుడ్డల అంచుకి కుట్టి ఉండే లేబుల్ కత్తిరించేయండి, దాని వల్ల కూడా గీతలు పడతాయి. పాత బనియన్‌లు ఈ పనికి పనికిరావు.

ఇక ఆ మూల. బానెట్ మీద ఎండలో గీతలు బాగా కనిపించే చోట అడుగు పొడవు, అడుగు వెడల్పు టేప్ అతికించి ఒక చతురస్రం చేయండి. బండి నీడలో ఉండాలి, బానెట్ చేతికి చల్లగా తగలాలి, లేకపోతే పాలిష్ ఎండిపోయి అతుక్కుంటుంది. ముందు కాంపౌండ్ జోలికి పోవద్దు, తేలికైన పాలిష్‌తోనే మొదలుపెట్టండి. దానితోనే పని జరిగితే గట్టిదెందుకు? ప్యాడ్ మీద చిటికెన వేలి గోరంత చుక్కలు మూడో నాలుగో వేసి, ముందు ఆ చతురస్రమంతా పలచగా పులమండి. తర్వాత అరచేయి మొత్తం ప్యాడ్ మీద ఆనించి, వేళ్ల కొనలతో నొక్కకుండా, నొక్కితే వేళ్లున్న చోటే అరుగుతుంది కాబట్టి, మధ్యస్థమైన బలంతో ముందుకీ వెనక్కీ రుద్దండి, ఒక్కో వరస ముందు వరసని సగం కప్పేలా. మొత్తం అయ్యాక అడ్డంగా అదే పని. గుండ్రంగా రుద్దితేనే స్విర్ల్ మార్కులు పడతాయని ఒక నమ్మకం ఉంది, గీతలు పెట్టేది దుమ్ము గానీ చేతి తీరు కాదు. అయినా నేను నిలువు, అడ్డం అనే చెప్తాను, ఎందుకంటే అలా రుద్దితే చతురస్రంలో ఏ చోటా మిస్ కాదు, ఏమైనా మసక మిగిలినా ఏ దిక్కుదో తెలుస్తుంది. మొదట్లో తెల్లగా, ముద్దగా ఉన్న పాలిష్ నాలుగైదు సార్లు అటూ ఇటూ పోయాక పలచబడి పారదర్శకంగా అవుతుంది, అక్కడ ఆపి, పూర్తిగా ఎండకముందే మెత్తటి గుడ్డతో తుడిచేయండి.

ప్యాడ్ వైపు ఒకసారి చూడండి. మామూలుగా దుమ్ము రంగు తప్ప ఇంకేమీ ఉండకూడదు. నల్లగా రంగు దిగుతుంటే, మీ కారుకి క్లియర్ కోట్ లేని పాత పద్ధతి పెయింట్ ఉన్నట్టు, లేదా అక్కడ క్లియర్ కోట్ అయిపోయినట్టు. మూడేళ్ల కారుకి మొదటిది జరిగే అవకాశం తక్కువ, కాబట్టి రంగు దిగితే ఆపేసి ఎవరికైనా చూపించాలి.

తుడిచాక వెంటనే సంబరపడకండి. చాలా పాలిష్‌లలో, ముఖ్యంగా ఒకే సీసాలో అన్నీ అని అమ్మేవాటిలో నూనెలు ఉంటాయి, అవి గీతల్లో నిండి కనబడకుండా చేస్తాయి, నాలుగు వాష్‌లకి మళ్లీ బయటపడతాయి. నిజం తెలియాలంటే ఆ నూనె పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ని 10 నుంచి 15 శాతం ఉండేలా నీళ్లలో కలిపి ఆ చతురస్రం మీద చల్లి, రుద్దకుండా మెల్లగా ఒత్తి తుడవండి. ఇప్పుడు టార్చ్ పట్టండి. టేప్ తీసి, లోపలి భాగాన్నీ బయటి భాగాన్నీ పక్కపక్కనే చూడండి. ఇక్కడ కనిపించే తేడా ఎంతో, ఇదే పద్ధతిలో మీకు బండి మొత్తం మీద దొరికేది అంతే, అంతకంటే ఎక్కువ రాదు. సరిపోలేదనిపిస్తే అదే చోట ఇంకో విడత వేయండి, అప్పటికీ చాలకపోతే కాంపౌండ్‌తో ఒకసారి, దాని వెనకే పాలిష్‌తో ఒకసారి. మెత్తటి నల్ల పెయింట్ మీద కాంపౌండ్ తనదైన మసక వదులుతుంది, పాలిష్‌తో ముగించకపోతే పాత గీతలు పోయి కొత్త మబ్బు వచ్చినట్టుంటుంది. రెండు విడతల కాంపౌండ్ తర్వాత కూడా ఏమీ మారకపోతే మీ పెయింట్ గట్టిది, చేతితో అయ్యే పని కాదు. అప్పుడు బండి మొత్తం రుద్ది భుజాలు నొప్పి చేసుకోవద్దు, డ్యుయల్ యాక్షన్ మెషీన్, అంటే ప్యాడ్ ఒకే చోట తిరగకుండా ఊగుతూ తిరిగే పాలిషింగ్ మెషీన్, అద్దెకో అరువుకో దొరుకుతుందేమో చూడండి, అది డ్రిల్లులా కాదు, కొత్తవాళ్ల చేతిలో కూడా పెయింట్ కాల్చే ప్రమాదం బాగా తక్కువ.

ఆ మూల నచ్చిందనుకోండి, అప్పుడు అదే వరస, అడుగు అడుగు చొప్పున, బానెట్, డోర్లు, డిక్కీ. ఒక్కరోజులో అంతా పూర్తి చేయాలని పెట్టుకోకండి, బానెట్ ఒక్కటే సరిగ్గా చేస్తే ఒక పూట పడుతుంది, అలిసిపోయిన చేయి రెండో పూట మొక్కుబడిగా రుద్దుతుంది. బాడీ మడతల మీద, డోర్ అంచుల మీద పెయింట్ పలచగా ఉంటుంది, అక్కడ టేప్ వేసుకోండి. నల్ల ప్లాస్టిక్ పట్టీల మీద పాలిష్ పడితే తెల్లటి మరక పట్టి ఓ పట్టాన వదలదు, వాటికీ టేపే. ప్యాడ్ కింద పడితే పక్కన పడేసి ఇంకోటి తీసుకోండి. టాప్ కూడా చేస్తే బాగుంటుంది కానీ దాని మీద గీతలు ఎవరికి కనిపిస్తాయి, నేనైతే దాన్ని ఆఖరికి వదిలేస్తాను.

అయ్యాక వ్యాక్స్ గానీ సీలెంట్ గానీ వేయండి. వ్యాక్స్ వారాల లెక్కన, సీలెంట్ నెలల లెక్కన నిలుస్తుంది. ఏది వేసినా గీతలు పడకుండా ఆపేంత శక్తి దానికి లేదు, దుమ్ము సులభంగా జారిపోయేలా చేస్తుంది, కడగడం తేలికవుతుంది, అంతే. డస్టర్ మాత్రం పారేయండి. పొడి దుమ్ము ఉన్నప్పుడు తుడవాలనే దురద పుడితే, నీళ్లు కొట్టడానికి వీలయ్యేదాకా ఆ దుమ్ముతోనే తిరగండి. మైక్రోఫైబర్ గుడ్డలు విడిగా ఉతకండి, ఫ్యాబ్రిక్ కండిషనర్ వేయకుండా.

ఇంకొక చోటు ఉంది, మీరు ఉత్తరంలో రాయలేదు గానీ తప్పకుండా ఉండే ఉంటుంది: డోర్ హ్యాండిల్ వెనక గుంటలో గోళ్లు తగిలి పడే గీతలు. అక్కడ పెద్ద మెషీన్ ప్యాడ్ దూరదు, కాబట్టి మెషీన్ ఉన్నవాళ్లు కూడా చేత్తోనే చేస్తారు. మైక్రోఫైబర్ ముక్కని రెండు వేళ్లకి చుట్టి, కొంచెం కాంపౌండ్ పెట్టి, గుంట ఆకారాన్ని అనుసరించి రుద్దితే చాలా తేడా కనిపిస్తుంది. డోర్ల మధ్య ఉండే నున్నటి నల్ల ప్లాస్టిక్ స్తంభాలు మాత్రం చాలా మెత్తవి, వాటికి కాంపౌండ్ ముట్టించకుండా తేలికపాటి పాలిష్ మాత్రమే, అది కూడా దాదాపు బలం పెట్టకుండా. టెస్ట్ మూల చేశాక ప్యాడ్‌తో ఎన్ని విడతలు పట్టిందో రాసి పంపండి, మీది మెత్తటి పెయింటో గట్టిదో చూసి, కాంపౌండ్ అవసరమో కాదో చెప్తాను.